బరువు తీసిన కారు

మా జగన్నాధం బావకు బరువంటే పడదు. కొందరికి పామంటే పడదు, కొందరికి అత్తగారంటే పడదు. మా బావకు బరువు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు అరచేతిలో ఎగరేసి చూసేవాడు. తరవాత అందులోంచి ఏం పీకెయ్యొచ్చా అని వెతికేవాడు.

కొత్త దువ్వెన కొంటే ఇంటికి చేరేలోపు సగం పళ్లు విరిచేసేవాడు. "నా బుర్రమీదున్న ఎంటికలకి ఇన్ని పళ్లేటికిరా?" అనేవాడు. గొడుగులో ఊచలు ఒకటి విడిచి ఒకటి లాగేశాడు. గాలివానలో ఆ గొడుగు వేసుకుని ఆయన వస్తుంటే దెబ్బతిన్న గబ్బిలాన్ని ఎవరో కర్రకు కట్టి ఊరేగిస్తున్నట్టుండేది. పెళ్లికి వెళ్తే వధువు మెడకేసి చూసి, "ఆ పిల్లకి మెడ నొప్పెట్టదేటి? ఓ మూడు గొలుసులు దించీండి" అని గట్టిగా అనేవాడు. మగపెళ్లివారు ఆయన్ని బంతిలో కూర్చోబెట్టడం మానేశారు.

ఇంతకీ ఆయన బరువెంత అనుకున్నారు? తొంభై కిలోలు. ఆ సంగతి గుర్తు చేస్తే, "నాది బరువు కాదురా, బలం" అనేవాడు.

ఆయన మా అక్క నీలవేణి మొగుడు. సాలూరులో లారీలు బాగుచేసే షెడ్డుండేది, సొంతానికి ఒక లారీ ఉండేది. ఆ రోజుల్లో సాలూరులో పుట్టిన పిల్లాడు "అమ్మ" అనకముందే "గేరు" అనేవాడు. నేను అప్పుడే విజయనగరం కాలేజీలో బి.ఏ. మధ్యలో వదిలేసి వచ్చాను. ఫెయిలయ్యానని గిట్టనివాళ్లు చెప్పుకునేవారు. శుద్ధ అబద్ధం. పరీక్షకు వెళితే కదా ఫెయిలవడానికి! సాలూరు మొత్తం మీద ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనే. పోస్టుమాస్టరు గారు కూడా ఉన్నారనుకోండి, కాని ఆయన పెద్దాయన, ఆయన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

అరవై ఏడు వేసవిలో బావ ఒక కారు తెచ్చాడు. జూట్ మిల్లు దొర ఒకడు సీమకు వెళ్లిపోతూ ఏడాదిపాటు మిల్లు లారీలు బాగుచేసిన కూలికి బదులుగా ఇచ్చిపోయాడట. ఎర్రరంగు. పైన కప్పు లేదు. ఇద్దరే పడతారు. నేలకు కరుచుకుని, దూకడానికి ఒళ్లు కూడదీసుకున్న కుందేలులా ఉండేది. ఊరు ఊరంతా షెడ్డు ముందు చేరింది.

మా అక్క చుట్టూ తిరిగి చూసి, "ఇద్దరికే సోటేటి? మరి పిల్లలెక్కడ కూకుంటారు?" అంది.

"ఒసే, ఇది కూకోడానికి కాదే. పరిగెట్టడానికి."

"ఎవులెనకాల?"

"మద్రాసు దగ్గర షోళవరం అని ఉన్నాదట. యుద్ధంలో ఇమానాల కోసం ఏసిన రోడ్డు. దానిమీద ఏటా కార్ల పందేలెడతారట. ఈ బండిని పందెం బండి సేస్తాను."

మా అక్క లోపలికి వెళ్లి గరిటెలూ, బిందెలూ ఒక గదిలో పెట్టి తాళం వేసింది. ముందుచూపున్న మనిషి.

ఆ పందేలు పెట్టే మద్రాసు క్లబ్బుకు ఇంగ్లీషులో ఉత్తరం రాసింది నేనే. ముప్పై రెండు పేజీల నిబంధనల పుస్తకం వచ్చింది. దాన్ని షెడ్డులో నిలబడి గడగడా చదివి అర్థం చెప్పింది కూడా నేనే. అర్థం కానిచోట గొంతు పెంచేవాణ్ణి. బావ గ్రీజు చేతులు కట్టుకుని, పురాణం వింటున్నట్టు విన్నాడు.

"మొత్తం మీద ఏటంటాడు?" అన్నాడు చివరికి.

"తేలిగ్గా ఉన్న బండి గెలుస్తుందంటాడు" అన్నాను. అలా ఎక్కడా లేదు. కాని బావ మొహం చూస్తే అలా చెప్పబుద్ధయింది.

అంతే. ఆ మర్నాటినుంచి కారుకు గ్రహణం పట్టింది. తలుపులు పోయాయి. అద్దం పోయింది. బంపర్లు, తివాచీలు, దీపాలు, స్పేరు చక్రం, దొర చుట్ట బూడిద రాల్చుకునే గిన్నె, అన్నీ పోయాయి. పక్క సీటు పోయింది. డ్రైవరు సీటు కూడా పీకేసి ఇనప చట్రానికి మంచం నవారు అల్లాడు. పీకడానికి ఏమీ మిగలనప్పుడు కన్నాలు పెట్టడం మొదలుపెట్టాడు. పెడల్‌కు కన్నాలు, స్టీరింగు ఊచలకు కన్నాలు. ఆ ఊపులో మా అక్క తాళం వెయ్యడం మరిచిన పులుసు గరిటె కూడా దొరికింది. ఆ పూట అందరం ముక్కలే తిన్నాం, పులుసు ఎవరికీ అందలేదు. చివరికి ఎర్రరంగు కూడా గీకేశాడు. గీకిన రంగు పొడి కాగితంలో పొట్లం కట్టి నాకు చూపించి, "కేజీ కాడికొచ్చిందిరా గణపతీ! కేజీ రంగు! దొర బుర్ర ఉన్నోడేనా?" అన్నాడు.

ఒక్కదాని జోలికి మాత్రం పోలేదు. బ్రేకులు. పోలేదు సరికదా, ఉన్నవి చాలవని పెద్దవి తెచ్చి వేశాడు.

"బావా, బ్రేకులు బరువు కదా?" అన్నాను.

"నోర్ముయ్యి" అన్నాడు. నేను మూశాను. నాకు తెలియని విషయాల్లో నేను తొందరగానే మూస్తాను.

బరువు తూచేది తవిటమ్మ కట్టెల అడితిలో. తవిటమ్మకు అమ్మేటప్పుడు ఒక రాయి, కొనేటప్పుడు ఒక రాయి ఉండేవని ఊళ్లో అందరికీ తెలుసు. బావ మీది గౌరవంతో కారుకు మూడో రాయి తీసేది. అది నిజం రాయి. నాలుగు చక్రాలూ ఒక్కొక్కటే కాటా ఎక్కించి, నాలుగు లెక్కలూ కలిపేవాళ్లం. వారానికి మూడుసార్లు.

"ఏటి జగన్నాధం, మల్లీ తెచ్చినావా? మొన్ననే కదా తూసినాం?" అనేది తవిటమ్మ.

"మొన్నటికీ ఈయాలకీ తేడా ఉన్నాది. హారను తీసీసినాను."

"హారను నేకపోతే ఎదరోడు ఎలాగ తప్పుకుంటాడు?"

"పందెంలో నాకు ఎదరోడేటి? అందరూ ఎనకే ఉంటారు."

ఆ కాటా దగ్గర రాళ్లు వేసేవాడే జోగయ్య.

జోగయ్య గురించి చెప్పాలి. సాలూరునుంచి కొరాపుట్ వెళ్లే ఘాట్‌రోడ్డు మీద వాడంత డ్రైవరు ఇంకొకడు పుట్టలేదు. మలుపు దగ్గర వాడు లారీని తిప్పుతుంటే లోడు మీద పడుకున్నవాడికి నిద్ర చెడేది కాదు. మా బావ లారీ మీదే పనిచేసేవాడు. కారు రావడానికి ఏడాది ముందు, చింతపండు లోడుతో దిగుతుండగా బ్రేకులు పట్టలేదు. లోయలోకి పోకుండా బండిని కొండకేసి కొట్టి ఆపాడు. మనిషికి గీత కూడా పడలేదు. కాని ఆ రోజునుంచి స్టీరింగు ముట్టలేదు. బస్సెక్కితే వెనకసీట్లో కళ్లు మూసుకుని కూర్చునేవాడు. రోడ్డు మీద లారీ బ్రేకు కీచుమంటే చేతిలో ఉన్నది కింద పడేసేవాడు. కట్టెల అడితిలో కూలి. వాడి పెళ్లాం లక్ష్మణమ్మ చింతపండు పిక్కలు తీసే పనికి పోయేది. తిండి తగ్గి, దిగులు పెరిగి, వాడు రోజురోజుకూ కట్టెపుల్లైపోయాడు.

ఒకరోజు బావ షెడ్డు ముందు ప్రకటించాడు. "ఈ బండి తోలీవోడు యాభై కేజీలు దాటకూడదు. ఒక్క గ్రాము దాటినా కుదరదు."

సాలూరు డ్రైవర్లంతా అడితి ముందు వరసకట్టారు. ఒక్కొక్కడి పొట్ట కాటా పళ్లెంలోకి ముందు ఎక్కితే మనిషి తరవాత ఎక్కేవాడు. చినబాబు అని పెద్ద లారీ డ్రైవరు, ఎనభై రెండు. చొక్కా విప్పాడు, మొలతాడు తెంపాడు, ఎనభై రెండే. నేను డెబ్బై ఒకటి.

"నాది చదువు బరువు బావా, తీసెయ్యొచ్చు" అన్నాను.

"ఉంటే కదరా తియ్యడానికి" అన్నాడు.

అందరూ దిగిపోయాక బావ జోగయ్యకేసి తిరిగాడు. "ఒరే జోగీ, రాళ్లేసినోడివి నువ్వెంతున్నావు?"

"నానేటి మావా? నాకెందుకు?"

"ఊరికే. ఎక్కు."

ఎక్కాడు. నలభై నాలుగు.

"నా వల్ల కాదు మావా" అన్నాడు జోగయ్య, కాటా మీంచి దిగబోతూ. "నీకు దండమెడతాను. నాను తోలను."

"ఎవుడు తోలమన్నాడ్రా? డ్రైవరు బరువుతో బండెంత తూగుతాదో సూడాల. కారులో కూకో, తూసీసి దింపీస్తాను."

కూర్చున్నాడు. కళ్లు మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని. తూచి దింపేశాం. వారం పొడుగునా అంతే. తరవాత బావకు ఇంకో పిచ్చి పట్టింది. ఇంజను బరువెక్కువని ఇంజనే ఊడదీసి బల్ల మీద పెట్టేశాడు. ఊరు పగలబడి నవ్వింది. ఇంజను లేని పందెం కారు! పిల్లలు దాని మీద పాట కట్టారు. నేను కూడా నవ్వాను, దాచడమెందుకు.

"ఇప్పుడు భయమేటిరా?" అన్నాడు బావ జోగయ్యతో. "ఇంజను నేదు. ఇది బండి కాదు, బల్ల. మేం తోస్తాం. నువ్వు తిన్నగా పట్టుకో సాలు. బరువు ఏ పక్కకి ఒరుగుతందో నాకు తెలియాల."

సంతమైదానంలో మూడు నెలలు తోశాం. బావ, నేను, చినబాబు. నా భుజాలు ఈనాటికీ వానాకాలం సలుపుతాయి. మొదట జోగయ్య స్టీరింగును వేడి పెనంలా పట్టుకునేవాడు. తరవాత తరవాత మేం అలిసి ఆగిపోతే వెనక్కి తిరిగి, "ఏటి మావా, బేగి తొయ్యి!" అనడం మొదలుపెట్టాడు. ఒకరోజు పల్లంలో తోసి వదిలేశాం. కారు దానంతటదే జారింది. జోగయ్య బ్రేకు తొక్కాడు. కారు గీత గీసినట్టు ఆగింది. వాడు దిగలేదు. కాలు తీసి మళ్లీ తొక్కి చూశాడు. మళ్లీ తీసి మళ్లీ తొక్కాడు.

మర్నాడు బావ ఇంజను బిగించాడు. "అదేటి, బరువన్నావు?" అన్నాను. "తగ్గిందిలే" అన్నాడు.

అరవై తొమ్మిది ఫిబ్రవరిలో కారును లారీ ఎక్కించి మద్రాసు బయల్దేరాం. లారీ తోలింది చినబాబు. బయల్దేరే ముందు లక్ష్మణమ్మ వచ్చి, మొగుడికి ఊరగాయ మూట ఇచ్చి, బావను పక్కకు పిలిచింది.

"అన్నయ్యా, ఆడు ఈపాలి కూడా దిగిపోతే ఇంకెక్కడు. అడితిలోనే ముసలోడైపోతాడు."

"దిగడు" అన్నాడు బావ. అని, ఆ ఊరగాయ మూటను ఎగరేసి చూశాడు. మానలేడు కదా.

షోళవరంలో కార్లను చూస్తే నాకే కళ్లు తిరిగాయి. తళతళలాడే రంగులు, తోలు టోపీలు, నల్ల కళ్లద్దాలు. మన కారుకు రంగు లేదు, ఒంటినిండా కన్నాలు. మన జోగయ్య పొందూరు ఖద్దరు లాల్చీ వేసుకున్నాడు, అంతకన్నా తేలికైన గుడ్డ లేదని బావ కొనిపెట్టింది. కుర్ర షోకిల్లా ఒకడు వచ్చి, "ఇది కారా, జల్లెడా?" అని ఇంగ్లీషులో అడిగాడు. నేను ఇంగ్లీషులోనే గట్టిగా జవాబు చెప్పాను. అతనికి అర్థం కాలేదు. నాకూ పూర్తిగా కాలేదు.

పందేనికి ముందు కాటా ఎక్కించాలి. తెల్ల టోపీ పెద్దమనిషి కారును తూచాడు, జోగయ్యను తూచాడు, కలిపాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఏటంటాడ్రా?" అన్నాడు బావ.

"బావా, కారూ డ్రైవరూ కలిపి ఆరువందల నలభై కిలోలకు తగ్గకూడదట. మనది ఐదువందల తొంభై ఆరు. నలభై నాలుగు తక్కువట. పంతొమ్మిదో పేజీలో ఉందట."

పంతొమ్మిదో పేజీ నాకు బాగా గుర్తే. అక్కడ గొంతు బాగా పెంచాను.

పెద్దమనిషి బావను పైనుంచి కిందికి చూసి, మంచివాడు పాపం, ఒక ఉపాయం చెప్పాడు. నేను ఎగిరి గంతేశాను. "బావా! నువ్వే తోలొచ్చట! నీ తొంభై వేస్తే ఆరువందల నలభై రెండు! రెండు కిలోలు మిగులు!"

బావ చెయ్యి స్టీరింగు మీద పడింది. రెండేళ్లు ఆ కారును నట్టు నట్టూ ముద్దాడిన మనిషి, ఒక్కసారైనా తోలి ఎరగడు. జోగయ్య మొహం మాత్రం ఉరి తప్పినవాడిలా వెలిగిపోయింది.

"ఎక్కీ మావా, ఎక్కీ! సరిగ్గా సరిపోనాది. నాను టీ తాగొస్తాను" అని లాల్చీ విప్పెయ్యబోయాడు.

"ఆగరా" అన్నాడు బావ.

"నీ బండి మావా ఇది."

"నా బండే. ఆ బ్రేకులు ఎవుడి కాలికి సరిసేసినాననుకున్నావు? నీ కాలికి. నానెక్కితే ఓ పక్కకి ఒరిగి మూల తిరగదు. లాల్చీ తొడుక్కో." అని నాకేసి తిరిగి, "ఇసకెక్కడ దొరుకుద్దో కనుక్కోరా" అన్నాడు.

ఆ మైదానం చివర ఇసక గుట్ట ఉంది. రెండేళ్లు గ్రాము గ్రాము తీసినవాడు చతికిలబడి దోసిళ్లతో గోనెసంచిలోకి ఇసక ఎత్తుతుంటే చూడలేకపోయాను.

"బావా, తప్పు నాదే" అన్నాను. "పంతొమ్మిదో పేజీ నాకు అర్థం కాలేదు. చదివినట్టు నటించాను."

"తెలుసు."

"తెలుసా?"

"నువ్వు గొంతు పెంచిన పేజీలన్నీ మడిసి, పోస్టుమేస్టారి కాడికెల్లి సదివించుకున్నాను. ఏడాదిన్నరైపోనాది."

నేను సంచి వదిలేశాను. "మరి తెలిసి తెలిసి ఇంత తేలిక చేశావేం? యాభై కిలోలు దాటకూడదని ఊరంతా చాటావేం?"

"అది దాటొచ్చని సెప్తే సినబాబు ఎక్కీసీవోడు. నువ్వెక్కీసీవోడివి. నానూ ఎక్కీసీవోణ్ణి, ఆశ నేకపోనేదు. జోగిగాడొక్కడే మిగిలిపోయీవోడు." ఇసక దులుపుకున్నాడు. "ఆ దినం సింతపండు లోడు మీద ఇరవై బస్తాలు ఎక్కువేసినోణ్ణి నాను కదరా. ఆడు వద్దన్నాడు. సంచి సరిగ్గా పట్టుకో, కారిపోతంది."

ఇసక బరువు చాలదని ఆయన చేత ఇంకో దోసెడు వేయించింది నేనేనని చెప్పుకోవడానికి ఈనాటికీ నాకు గర్వంగా ఉంటుంది.

ఇక పందెం. ఆ రోజు మేం ఫస్టు వచ్చామని నేను సాలూరులో చాలా ఏళ్లు చెప్పాను. ఇప్పుడు నిజం చెప్పేస్తాను. పన్నెండు కార్లు బయల్దేరాయి. జోగయ్య మొదటి మలుపు దగ్గరే మూడో స్థానంలోకి వచ్చాడు. ఘాట్‌రోడ్డు మీద పెరిగినవాడికి మలుపొక లెక్కా? వాడు బ్రేకు తొక్కిన తీరు చూసి తెల్ల టోపీ పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. కాని వెనకనుంచి ఎవడో హారను కొట్టినట్టు ఇంజను మోగించేసరికి, మనవాడు చెయ్యి బయట పెట్టి, మర్యాదగా పక్కకు జరిగి, ముందుకు పొమ్మని ఊపాడు.

"ఒరే, సైడివ్వకురా! పందెంరా!" అని బావా నేనూ కంచె పట్టుకుని అరిచాం. వినబడితే కదా. లారీ డ్రైవరు మర్యాద అది, రక్తంలో ఉంటుంది. వచ్చినవాడికల్లా సైడిచ్చాడు. ఒకడు భయపడి వెనకే ఉండిపోతే, ఫరవాలేదు రమ్మని మళ్లీ ఊపాడు.

ఐదు కార్లు దారిలో చెడిపోయాయి. మిగిలిన ఏడింటిలో మాది ఏడోది.

జోగయ్య కారు ఆపాడు. లాల్చీ చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. పరుగెత్తుకెళ్లాం. దిగుతాడనుకుని బావ చెయ్యందించాడు. వాడు ఆ చేతిని పక్కకు నెట్టి, "మావా, ఇంకోపాలి తిరిగొస్తాను. తెల్ల టోపీ ఆయన్ని అడుగు" అన్నాడు.

ఆ సాయంత్రం తిరుగు ప్రయాణానికి కారును లారీ ఎక్కించాం. సరిగ్గా అప్పుడే చినబాబుకు కడుపునొప్పి వచ్చింది. మద్రాసు హోటలు సాంబారు పడలేదన్నాడు. నిజంగా నొప్పో, బావ కన్నుగీటాడో ఎంత అడిగినా చెప్పడు. క్యాబిన్‌లో ముడుచుకుని పడుకున్నాడు. జోగయ్య లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. టైర్లు కాలితో తన్ని చూశాడు. ఎవరూ అడగకుండానే ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

బావ ఏమీ ఎరగనట్టు వాడి పక్కన ఎక్కబోయాడు. జోగయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"మావా, నువ్వు ఎనక్కెల్లు."

"ఏటిరా?"

"తొంభై కేజీలు. ఎదర బరువైపోతాది. నాకు స్టీరింగు పట్టీస్తాది."

బావ వెనక్కెళ్లాడు. లారీ మీద కట్టిన పందెం కారులో, నవారు సీట్లో, తొంభై కిలోలూ ఇరికించుకుని కూర్చున్నాడు. లారీ కదిలింది. జోగయ్య పది మైళ్లకోసారి ఆపి బ్రేకులు తడిమి చూసేవాడు. ఒకటిన్నర రోజుల దారి మూడు రోజులు పట్టింది. బావ ఒక్కసారి కూడా బేగి పొమ్మనలేదు. గాలికి జుట్టు ఎగురుతుంటే రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, లారీ మలుపు తిరిగినప్పుడల్లా తనూ తిప్పుతూ, ఊళ్లు వచ్చినప్పుడల్లా చెయ్యి బయట పెట్టి సైడిస్తూ, ఐదువందల మైళ్లూ ఆ కారును తోలాడు.

తుని దగ్గర టీకి ఆపితే కొట్టువాడు బయటికొచ్చి పైకి చూశాడు. బావ అక్కడే కూర్చుని గేరు మారుస్తున్నాడు.

"పైనాయన ఏం చేస్తున్నాడండీ?" అన్నాడు కొట్టువాడు.

జోగయ్య గ్లాసు ఊదుకుంటూ, నవ్వకుండా చెప్పాడు. "మా మావ కారు తోల్తన్నాడు. నాను లారీ తోల్తన్నాను. ఎవుడు ముందు సాలూరెల్తాడో సూడాల."